అటక మీది విండోస్ 98 కంప్యూటర్‌ని ఇంటి నెట్‌వర్క్‌లోకి తేవడం ఎలా

మా మామయ్యకి చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, సంవత్సరీకాల కార్డులు, అన్నీ ఒకే పెంటియం కంప్యూటర్ మీద, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. షాపు మూసేశాక ఆ కంప్యూటర్ మా ఇంటి అటకెక్కి కూర్చుంది. పోయిన ఎండాకాలం ఆయనే ఫోన్ చేసి "ఒరేయ్, అందులో నా పాత ఫైళ్లన్నీ ఉన్నాయిరా, కొంచెం తీసిపెట్టవా" అన్నాడు. ఒక్క సాయంత్రం పని అనుకున్నా, మూడు ఆదివారాలు పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఇదంతా రాస్తున్నా.

మొదలుపెట్టే ముందే ఒక మాట. పాత మెషీన్‌ని నేరుగా ఇంటర్నెట్ మీదికి వదలాలని చూడకండి. విండోస్ 98కి మైక్రోసాఫ్ట్ 2006 జూలైలోనే సపోర్ట్ ఆపేసింది, అది ఇవాళ్టి వెబ్‌సైట్లతో మాట్లాడనూ లేదు, ఇవాళ్టి దొంగల నుంచి తప్పించుకోనూ లేదు. దానికి కావాల్సింది ఇంట్లోని ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడగలగడం, అంతే. బయటి ప్రపంచంతో పని పడితే మీ ల్యాప్‌టాప్‌నో, రాస్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్‌నో మధ్యవర్తిగా పెట్టుకోవాలి. ఈ ఒక్కటీ ముందే తేల్చుకుంటే సగం తలనొప్పులు అసలు రానే రావు.

ముందు కరెంటు సంగతి

అటక మీంచి దించగానే ప్లగ్ పెట్టేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. వెనకాల పవర్ సప్లై మీద చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది, 115 అనో 230 అనో కనిపిస్తుంది. మనది 230 వోల్టులు. దించేటప్పుడు వేలు తగిలి అది 115కి జరిగి ఉంటే, ప్లగ్ పెట్టిన క్షణంలో ఢామ్మంటుంది, తర్వాత గది నిండా కాలిన వాసన. తర్వాత మూత విప్పండి. మాదాంట్లో రెండు బల్లి గుడ్ల పెంకులు, ఒక బొద్దింక, వేలి మందాన దుమ్ము. బ్లోయర్‌తో ఊదండి, తడిగుడ్డ జోలికి పోవద్దు. బోర్డు మీద నిలువుగా నిలబడ్డ చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి కదా, వాటి నెత్తి ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆన్ చేయకుండా రిపేరు తెలిసినవాళ్లకి చూపించండి. రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటే అది సీఆర్2032, బజార్లో తేలిగ్గానే దొరుకుతుంది, ఎలాగూ చచ్చిపోయి ఉంటుంది కాబట్టి మార్చేయండి. 486, అంతకంటే పాత బోర్డుల్లో అయితే పీపా ఆకారంలో టంకం వేసిన బ్యాటరీ ఉండొచ్చు, అది కారి బోర్డునే తినేస్తుంది, దాన్ని కత్తిరించి పారేయాల్సిందే.

హార్డ్‌డిస్క్‌ని మాత్రం ఆన్ చేసే ముందే బయటికి తీసి, ఐడీఈ (పాత డిస్కుల కనెక్షన్ రకం) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, మొత్తం డిస్క్‌కి ఒక ఇమేజ్ కాపీ, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీసుకోండి. ఇరవయ్యేళ్లు దాటిన డిస్క్ ఎన్నిసార్లు తిరుగుతుందో దానికే తెలియదు. "అలాగైతే ఫైళ్లు అక్కడే వచ్చేశాయి కదా, ఇంక నెట్‌వర్క్ ఎందుకు" అంటారా? ఫైళ్లు వచ్చినంత మాత్రాన అవి తెరుచుకోవు. ఆ సంగతి చివర్లో చెప్తా.

కార్డు వేట

కంప్యూటర్‌ని నెట్‌వర్క్‌కి కలపాలంటే లాన్ కార్డు కావాలి. మూత విప్పే ఉంది కాబట్టి అది పెట్టే స్లాట్లు చూడండి. తెల్లటి పొట్టి స్లాట్లు పీసీఐ, నల్లటి పొడవాటివి ఐఎస్ఏ. పీసీఐ ఉంటే మీ అదృష్టం, రియల్‌టెక్ 8139 చిప్ ఉన్న కార్డు ఏదైనా తెచ్చుకోండి, ఒకప్పుడు ఊరంతా అవే. దానికి 10, 100 మెగాబిట్లు రెండు వేగాలూ వస్తాయి. ఐఎస్ఏ మాత్రమే ఉంటే ఎన్ఈ2000 రకం కార్డో, త్రీకామ్ వాళ్ల 3సీ509 కార్డో వెతకాలి, అవి 10 మెగాబిట్లు మాత్రమే.

ఎక్కడ వెతకాలి? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ చుట్టుపక్కల పాత సామాన్లు అమ్మే షాపులు, కోఠిలో గుజరాతీ గల్లీ, ఆదివారమైతే ఎర్రగడ్డ సంత, గురువారమైతే జుమ్మేరాత్ బజార్. ఎర్రగడ్డలో పొద్దున్నే వెళ్లాలి, పదకొండు దాటితే ఎండా, జనమూ కలిసి మిమ్మల్ని తరిమేస్తాయి. లాన్ కార్డు అని అడగండి, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అంటే ఎవరికీ ఎక్కదు. నేను మొదట ఒక షాపులో "చెక్ చేసిందే సార్" అన్న మాట నమ్మి 300 పెట్టి కొన్న కార్డు ఇంటికొచ్చాక లైటు కూడా వెలగలేదు, రెండోసారి సంతలో తాడు మీద చేపల్లా వేలాడుతున్న కార్డుల్లోంచి ఏరుకున్నది 80 రూపాయలకే వచ్చి ఇప్పటికీ పనిచేస్తోంది. అందుకే ఒకటి కాదు, రెండు కొనండి.

ఒక్కటి చూసుకోండి, కార్డుకి ఇప్పటి లాన్ కేబుల్ పట్టే చదరపు రంధ్రం ఉండాలి. కొన్ని పాతవాటికి గుండ్రటి బీఎన్‌సీ ముక్కు మాత్రమే ఉంటుంది. కేబుల్ టీవీ వైరు లాంటిదే కదా అని తగిలించకండి, అది 75 ఓమ్‌లది, ఇది 50 ఓమ్‌లది, పైగా రెండు చివర్లా టెర్మినేటర్లు కావాలి. వదిలేసి ఇంకోటి చూసుకోవడం మేలు.

కార్డు పెట్టే స్లాటే లేదా? డాస్ కాలం మెషీనో, చిన్న హోమ్ కంప్యూటరో అయితే సీరియల్ పోర్టు ఉందేమో చూడండి. ఈఎస్‌పీ8266 అనే చవక వైఫై చిప్‌ని పాత మోడెమ్‌లా నటింపజేసే ఫర్మ్‌వేర్లు ఉన్నాయి, అందులో జీమోడెమ్ ఒకటి. పాత కంప్యూటర్ తాను ఫోన్ డయల్ చేస్తున్నాననే అనుకుంటుంది, అదేమో వైఫై మీద టెల్నెట్‌కి (అక్షరాలతోనే ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడే పాత పద్ధతి) కలుపుతుంది. కానీ సీరియల్ పోర్టు వోల్టేజీ ప్లస్ 12, మైనస్ 12 దాకా పోతుంది, ఆ చిప్ తట్టుకునేది 3.3 మాత్రమే, మధ్యలో మ్యాక్స్3232 లెవెల్ కన్వర్టర్ లేకుండా కలిపితే చిప్ పోయినట్టే. అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది, మీ రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆపేసి ఉంటే ఆన్ చేయండి. కార్డు ఉన్న డాస్ మెషీన్‌కైతే ఆ కార్డు ప్యాకెట్ డ్రైవర్, దాని మీద ఎంటీసీపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, మొదటి తరం 8088 మీద కూడా నడుస్తుంది, ఆ డాస్ కంప్యూటర్‌నే ఎఫ్‌టీపీ సర్వర్‌గా, అంటే ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే చోటుగా, మార్చేస్తుంది కూడా. ఇక మన విండోస్ 98 సంగతికొద్దాం.

కార్డు పెట్టాక లొల్లి

పీసీఐ కార్డు అయితే ఈ పేరా వదిలేసి కింద డ్రైవర్ సంగతికి వెళ్లిపోండి. ఐఎస్ఏ వాళ్లకి మాత్రం ఇక్కడే అసలు పరేషానీ. ప్రతి కార్డుకీ ఒక ఐఆర్‌క్యూ నంబరు కావాలి, అంటే ప్రాసెసర్‌ని పిలవడానికి దానికంటూ ఒక గంట అన్నమాట. ఇద్దరు ఒకే గంట కొడితే ఎవరు పిలిచారో తెలియదు. ఎన్ఈ2000 రకం కార్డులు చాలావరకు ఐఆర్‌క్యూ 3, అడ్రస్ 300 మీద ఉంటాయి, అదే ఐఆర్‌క్యూ 3ని రెండో సీరియల్ పోర్టు ముందే పట్టుకుని కూర్చుంటుంది. నా రెండో ఆదివారం మొత్తం దీనికే పోయింది. డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన పసుప్పచ్చ ఆశ్చర్యార్థకం, డ్రైవర్ నాలుగుసార్లు తీసి వేశా, అదే గుర్తు. చివరికి బయోస్‌లోకి (విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగులు) వెళ్లి, సీరియల్ పోర్టు 2ని డిసేబుల్ చేసి, పీఎన్‌పీ సెట్టింగుల్లో ఐఆర్‌క్యూ 3ని లెగసీ ఐఎస్ఏకి కేటాయిస్తే, మళ్లీ బూట్ చేయగానే ఆ గుర్తు మాయం. మీ కార్డు మీద జంపర్లు (పిన్నుల మీద తొడిగే చిన్న టోపీలు) ఉంటే వాటిని మార్చి ఐఆర్‌క్యూ 10కో, 5కో జరుపుకోవచ్చు, 5 అయితే సౌండ్ కార్డు దగ్గర లేదని చూసుకోండి.

డ్రైవర్ ఎలా ఎక్కించాలి అనేది కోడి ముందా గుడ్డు ముందా లాంటి ప్రశ్న. నెట్‌వర్క్ లేదు, విండోస్ 98 పెన్‌డ్రైవ్‌ని దానంతటది గుర్తుపట్టదు. దారులు మూడు: ఫ్లాపీ, సీడీకి రైట్ చేయడం, లేదా ఇందాక ల్యాప్‌టాప్‌కి తగిలించిన హార్డ్‌డిస్క్‌లోనే డ్రైవర్ ఫోల్డర్ పడేయడం. మూడోదే హాయి. అదే ఊపులో విండోస్ 98 సీడీలోని విన్98 ఫోల్డర్ మొత్తాన్ని కూడా సీ డ్రైవ్‌లో వేసేయండి, ఎందుకంటే నెట్‌వర్క్‌లో ఏ చిన్నది మార్చినా అది సీడీ పెట్టమంటుంది, పెట్టి రీస్టార్ట్ చేయమంటుంది, చేశాక ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ పెట్టమంటుంది.

తీగ, రౌటర్

కార్డు నుంచి రౌటర్‌కి మామూలు లాన్ కేబుల్ చాలు, క్రాస్ కేబుల్ అక్కర్లేదు, ఇప్పటి రౌటర్లు తీగ ఎటున్నా సర్దుకుంటాయి. గిగాబిట్ పోర్టులు సాధారణంగా 10 మెగాబిట్‌లకీ దిగొస్తాయి, 2.5 గిగాబిట్ అని రాసి ఉన్న పోర్టులో మాత్రం పెట్టకండి, కొన్ని అంత కిందికి దిగవు. రెండు వైపులా లైటు వెలిగిందా, సగం పని అయినట్టే. కార్డు సెట్టింగుల్లో ఫుల్ డుప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం) అనే ఆప్షన్ ఉంటే దాన్ని ఎంచుకోకండి, పాత కార్డుని బలవంతంగా ఫుల్‌లో పెడితే అవతలి వైపు హాఫ్‌లోనే ఉండిపోతుంది, కనెక్షన్ ఉన్నట్టే ఉంటుంది కానీ ఫైలు మాత్రం నత్తలా కదులుతుంది.

కంప్యూటర్ ఒక గదిలో, రౌటర్ హాల్లో టీవీ వెనకాల ఉందా? పాత వైఫై కార్డుల జోలికి వెళ్లకండి, వాటిలో చాలామటుకు వెప్ అనే పాత వైఫై తాళం దగ్గరే ఆగిపోయాయి, ఆ తాళం 2001లోనే విరిగిపోయింది, దాని కోసం ఇంటి వైఫై తాళాన్ని బలహీనం చేసుకోవడం తెలివితక్కువ పని. క్లయింట్ మోడ్ ఉన్న అరచేతంత రౌటర్ ఒకటి కొనండి, టీపీలింక్ డబ్ల్యూఆర్802ఎన్ లాంటిది. అది వైఫైని పట్టుకుంటుంది, దాని లాన్ పోర్టులోంచి తీగ పాత కంప్యూటర్‌కి వెళ్తుంది. పాతదానికి వైఫై అనేది ఒకటుందని కూడా తెలియదు.

అడ్రస్ ఇవ్వడం

కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ తెరవండి. లిస్టులో మీ కార్డు పేరు, దాని కింద బాణం గుర్తుతో టీసీపీఐపీ (ఇవాళ్టి నెట్‌వర్క్‌లన్నీ మాట్లాడే భాష) కనిపించాలి. లేకపోతే యాడ్, ప్రోటోకాల్, మైక్రోసాఫ్ట్, టీసీపీఐపీ. నెట్‌బ్యూయీ, ఐపీఎక్స్ లాంటి పాత భాషలు ఉంటే తీసేయండి, మీకు వాటితో పని లేదు. టీసీపీఐపీ ప్రాపర్టీస్‌లో ఐపీ అడ్రస్ ఆటోమేటిక్‌గా తీసుకోమని పెట్టి రీస్టార్ట్ చేయండి. తర్వాత స్టార్ట్, రన్‌లో విన్‌ఐపీసీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఒక బూడిదరంగు డబ్బా తెరుచుకుంటుంది, అందులో పైన పీపీపీ అడాప్టర్ (డయలప్‌ది) ఎంచుకుని ఉంటుంది, దాన్ని మీ కార్డుకి మార్చాలి, చాలామంది ఇక్కడే "అన్నీ సున్నాలొచ్చాయి" అని బెంబేలెత్తిపోతారు. 192.168 తో మొదలైతే బాగుంది. 169.254 తో మొదలైతే రౌటర్ జవాబివ్వలేదని అర్థం, తీగ చూడండి, లైటు చూడండి, మళ్లీ ఐఆర్‌క్యూ చూడండి. ఎంతకీ రాకపోతే చేత్తోనే ఇచ్చేయండి. ల్యాప్‌టాప్‌కి 192.168.1.20 ఉంటే దీనికి 192.168.1.200, మాస్క్ 255.255.255.0. చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలు మీ ఇంట్లో వేరేగా ఉండొచ్చు, ల్యాప్‌టాప్‌లో చూసి వాటినే వాడండి. డాస్ విండోలో రౌటర్ అడ్రస్‌కి పింగ్ ("ఉన్నావా" అని అడిగే కమాండ్) కొట్టి నాలుగు జవాబులొస్తే ఓ టీ తాగిరండి.

తాగొచ్చాక చేయాల్సిన పని: ఆ బూడిదరంగు డబ్బాలోనే అడాప్టర్ అడ్రస్ అని పన్నెండు అక్షరాలుంటాయి, మ్యాక్ అడ్రస్ అనేది ఇదే, రాసుకోండి. రౌటర్ పేజీలో పేరెంటల్ కంట్రోల్ అనో, మ్యాక్ ఫిల్టర్ అనో ఉన్న చోట ఆ అడ్రస్‌కి ఇంటర్నెట్ ఆపేయండి. వైఫై లోపలికే రానివ్వని మ్యాక్ ఫిల్టర్ కాదు, ఇంటర్నెట్ మాత్రమే ఆపేది చూసుకోండి. ఇంట్లోవాటితో మాట్లాడుతుంది, గడప మాత్రం దాటదు. పోర్ట్ ఫార్వర్డింగ్, డీఎంజెడ్ లాంటివి దీని పేరు మీద ఎప్పుడూ తెరవకండి.

బ్రౌజర్ సరదా తీరాలంటే

దాంట్లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఇవాళ్టి సైట్లు వాడే తాళం, టీఎల్ఎస్ 1.2, రాదు, కాబట్టి చాలా సైట్లు తెరుచుకోవు. ఇక్కడే మధ్యవర్తి. ల్యాప్‌టాప్‌లో వెబ్‌వన్ అనే ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రాం) నడిపి, ఎక్స్‌ప్లోరర్ లాన్ సెట్టింగుల్లో ల్యాప్‌టాప్ అడ్రస్, పోర్టు 8080 ఇవ్వండి. కొత్త తాళాలన్నీ అది విప్పి, పాతదానికి సాదా పేజీ ఇస్తుంది. ఇంకోటి డబ్ల్యూఆర్‌పీ, అది పేజీ మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపుతుంది, మీరు బొమ్మ మీద నొక్కితే లింకు పనిచేస్తుంది, చూడ్డానికి వింతగా ఉంటుంది కానీ దాదాపు ఏ సైటైనా కనిపిస్తుంది. ఈ రెండింట్లో దేంట్లోనూ పాస్‌వర్డులు మాత్రం కొట్టకండి, మధ్యలో దారంతా తెరిచే ఉంటుంది.

ఫైళ్లు దాటించడం

పాత పద్ధతిలో ఫోల్డర్ షేర్ చేద్దామనుకుంటారు. ఆ షేరింగ్ ఎస్ఎంబీ మొదటి వెర్షన్ మీద నడుస్తుంది, 2017 మేలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ వెర్షన్‌లోని కంతలోంచే. విండోస్ 10లో అదే ఏడాది చివర్లో వచ్చిన అప్‌డేట్ నుంచి అది ముందుగానే ఇన్‌స్టాల్ అయి రావట్లేదు. యూట్యూబ్‌లో "ఇలా ఆన్ చేయండి" అని చెప్పేవాళ్లుంటారు, వినకండి. ఎఫ్‌టీపీ వాడండి.

ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఉంటే పైఎఫ్‌టీపీడీలిబ్ అనే చిన్న ప్యాకేజీతో ఒక్క లైనులో సర్వర్ లేస్తుంది, మామూలుగా 2121 పోర్టు మీద. రాసే అనుమతి కోసం డబ్ల్యూ ఆప్షన్ ఇవ్వడం మర్చిపోకండి, ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి మాత్రమే సరే అనండి, పని కాగానే ఆపేయండి. పాతదాంట్లో డాస్ విండో తెరిచి ఎఫ్‌టీపీ అని కొట్టి, ఓపెన్ 192.168.1.20 2121 అనండి, ఈ కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. యూజర్ అనానిమస్, పాస్‌వర్డ్ ఏదైనా సరే. ఆ తర్వాత ఏం చేసే ముందైనా బైనరీ అని కొట్టండి. అది కొట్టకపోతే ఫైలుని టెక్స్ట్ అనుకుని లైన్ల చివర్లు మార్చేయొచ్చు, అక్కడ ఫైలు ఉంటుంది, సైజు కాస్త తేడాతో, తెరవబోతే తెరుచుకోదు. నావి మొదటి నలభై పెళ్లి కార్డుల ఫైళ్లు అలాగే పాడయ్యాయి, ఒరిజినల్ భద్రంగా ఉంది కాబట్టి సరిపోయింది. హ్యాష్ అని కొడితే ప్రతి రెండు కేబీకీ ఒక గుర్తు పడుతూ పోతుంది, ఫైలు కదులుతోందో లేదో తెలుస్తుంది. ప్రాంప్ట్ అని కొడితే ప్రతి ఫైలుకీ అవునా కాదా అని అడగడం ఆపుతుంది. ఎల్‌సీడీతో ఫోల్డర్ మార్చుకుని, ఎంపుట్ పక్కన నక్షత్రం, చుక్క, పీ65 (పేజ్‌మేకర్ ఫైళ్ల పేరు చివర ఉండేది) కొట్టండి. 10 మెగాబిట్ కార్డు మీద బాగా నడిస్తే సెకనుకి ఒక ఎంబీ దాకా వస్తుంది, ఒక సీడీ అంత సరుకు దాటడానికి కనీసం పదకొండు నిమిషాలు.

ల్యాప్‌టాప్ నుంచి అటు పంపే ఫైళ్లకి తెలుగు లిపిలో పేర్లు పెట్టకండి, విండోస్ 98కి తెలుగు యూనికోడ్ రాదు, ప్రశ్నార్థకాలే వస్తాయి.

ఇప్పుడు ఇందాక దాటవేసిన సంగతి. ఫైళ్లన్నీ వచ్చాక నేను గర్వంగా ల్యాప్‌టాప్‌లో ఒక 2001 నాటి పెళ్లి కార్డుని నోట్‌ప్యాడ్‌లోకి లాగి మామయ్యకి చూపించా. వధువు పేరు ఉండాల్సిన చోట డాలర్లు, కొక్కేలు, ఎవరో కీబోర్డు మీద కూర్చున్నట్టు. అను ఫాంట్లలో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు గీసి పెట్టుకున్నది, ఫాంటు లేకపోతే వట్టి చెత్త. ఫాంట్ల ఫోల్డర్ కాపీ చేసుకున్నా, కొత్త విండోస్‌లో పేజ్‌మేకర్‌తో కుస్తీ పట్టాలి. అంతకంటే పని జరిగే దారి ఇది: పాత కంప్యూటర్‌లో ప్రింటర్ లిస్టులోంచి ఆపిల్ లేజర్‌రైటర్ లాంటి ఏదో ఒక పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ప్రింటర్‌కి వర్ణించి చెప్పే భాష) ప్రింటర్‌ని, అది ఇంట్లో లేకపోయినా సరే, ఫైల్ పోర్టు మీద ఇన్‌స్టాల్ చేయండి. పేజ్‌మేకర్‌లో ఫైలు తెరిచి, ప్రింట్, ఆప్షన్స్‌లో పోస్ట్‌స్క్రిప్ట్‌ని ఫైలుకి రాయమని టిక్ పెట్టండి. ఆ ఫైలు ఎఫ్‌టీపీలో ల్యాప్‌టాప్‌కి, అక్కడ గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంతో పీడీఎఫ్. ఫాంట్లు లోపలే కూర్చుని వస్తాయి.

మొదటి పీడీఎఫ్ తెరిచినప్పుడు మామయ్య కళ్లజోడు పైకి నెట్టి, పేర్లు కూడా చూడకుండా, "ముహూర్తం దగ్గర ఒత్తు తప్పు పోయిందిరా, అప్పుడే చెప్పా వాళ్లకి" అన్నాడు.